ప్లైవుడ్ దోనె చేసేవాళ్లు ముందు అంచులు చూసుకోవాలి

సంపాదకుల గారికి నమస్కారం.

బరంపురం, ఛత్రపురం, రంభ చుట్టుపక్కల మన తెలుగు కుర్రాళ్లలో ఇంటి దగ్గరే ప్లైవుడ్‌తో చిన్న దోనె చేసుకోవాలన్న సరదా కనిపిస్తోంది. మంచి సరదా. రెండు షీట్లు, ఆరు కిలోల ఎపాక్సీ (రెండు మందులు కలిపితే గట్టిపడే జిగురు), కాస్త ఓపిక ఉంటే ఇద్దరు కూర్చుని తెడ్డు వేసుకుపోయే 15 అడుగుల దోనె తయారవుతుంది. ఇద్దరు మనుషులు తేలిగ్గా ఎత్తుకుని చెరువు గట్టుకు మోసుకుపోవచ్చు. చిక్కల్లా ఏమిటంటే, ఈ పనికి బీరువాలు, వంటింటి అరలు చేసే వడ్రంగిని పిలుస్తున్నారు. ఆయన తనకు అలవాటైన పద్ధతిలోనే తెల్ల జిగురు రాసి, ఇనప మేకులు కొట్టి, పైన ఎనామిల్ రంగు వేసి ఇస్తున్నాడు. ఆ పద్ధతిలో చేసిన బీరువా పదేళ్లు నిలుస్తుంది. దోనె మాత్రం ఒక్క వానాకాలం తిరిగేసరికి అంచుల దగ్గర పొరలు లేచి, తడిసిన అట్టలా విచ్చుకుంటుంది. నడినీళ్లలో విచ్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగైనా పూర్తిగా వేయమని కోరుతున్నాం.

ప్లైవుడ్‌లో పొరలను ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పేర్చి అతికిస్తారు. షీటు ముఖం మీద పడ్డ నీళ్లు అంత తొందరగా లోపలికి దిగవు. కోసిన అంచులో మాత్రం సగం పొరల నారలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. చెరకు గడను అడ్డంగా నరికిన చోట కనిపించే చిల్లుల్లాంటివే ఇవి, కాకపోతే కంటికి ఆననంత సన్నం. నీళ్లు అక్కడినుంచే లోపలికి పోతాయి. తడిసిన పొర నారకు అడ్డదిక్కున ఉబ్బుతుంది, నార పొడవునా ఉబ్బదు. పక్క పొర నార మరో దిక్కున ఉండటంతో దీన్ని ఉబ్బనివ్వదు. ఆ గుంజులాట అంతా మధ్యనున్న జిగురు మీద పడుతుంది. తడిసి ఎండి, తడిసి ఎండి, చివరికి నాసి జిగురు వదిలేస్తుంది. కాబట్టి దోనె చేసేవాడు పట్టించుకోవలసినవి ముందు రెండే: గట్టి జిగురుతో అతికిన షీటు, తడి చొరబడని అంచు. ఆకారం, రంగు, తెడ్డు నునుపు అన్నీ వీటి తరవాతే.

షీటు సంగతి. దుకాణంలో వాటర్‌ప్రూఫ్ ప్లై కావాలని అడిగితే ఏ షీటైనా అదేనని ఇచ్చేస్తారు. ఆ మాట వాడకండి. ‘ఐఎస్ 710, మెరైన్, 6 ఎంఎం’ అని అడగండి. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లైవుడ్‌కు ఉన్న భారత ప్రమాణం. కమర్షియల్ అని పిలిచే ఎంఆర్ రకం గాలిలోని చెమ్మకు తట్టుకుంటుంది, నీళ్లలో నిలవదు. బీడబ్ల్యూఆర్ రకం వంటింటికి సరిపోతుంది. ఈ రెండూ ఐఎస్ 303 కిందివి. బీడబ్ల్యూఆర్ ముక్కను పరీక్షలో 8 గంటలు మరిగిస్తారు, 710 ముక్కను 72 గంటలు మరిగిస్తారు. తేడా ఎంతో అక్కడే తెలుస్తుంది. షీటు మీద ఐఎస్ఐ గుర్తు, దానికి పైన ఐఎస్ 710 అంకె, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరి లైసెన్సో, నడుస్తోందో లేదో దుకాణంలో నిలబడే చూసుకోవచ్చు. 710 అని రబ్బరు స్టాంపు మాత్రమే ఉండి నంబరు లేకపోతే ఆ షీటు తీసుకోవద్దు.

గుర్తు ఉన్నా షీటును చేత్తో చూసుకోవలసిందే. 8 అడుగులకు 4 అడుగుల 6 ఎంఎం గట్టిచెక్క మెరైన్ షీటు దాదాపు 12 కిలోలు తూగుతుంది. తొమ్మిదికి తగ్గితే లోపల తేలిక చెక్క గాని, ఖాళీలు గాని ఉన్నట్టు అనుమానించాలి. అంచు పొడవునా చూపు పోనిస్తే పొరల మధ్య నల్లటి సందులు కనిపిస్తాయి. అవి లోపల ఎంత దూరం పోయాయో తెలియదు. రూపాయి బిళ్లతో షీటంతా తట్టుకుంటూ పోతే ఖాళీ ఉన్న చోట చప్పుడు మారి డొల్లగా వినిపిస్తుంది. అలాంటి ఖాళీ దోనె అడుగు భాగంలోకి వస్తే మోకాలు ఆనించిన రోజున అక్కడే పగులుతుంది. రెండు షీట్లూ కొనకముందే ఒక చేతెడు ముక్క అడిగి తెచ్చుకుని, పొద్దుటినుంచి సాయంత్రం దాకా మరగబెట్టి, ఎండబెట్టి, మళ్లీ మరగబెట్టండి. ఉలి మొన పెట్టి పొర లేపబోతే చెక్క చీలాలే గాని పొర శుభ్రంగా ఊడి రాకూడదు. ఒక గ్యాస్ బండలో కొంత ఖర్చవుతుంది, రెండు షీట్ల డబ్బు మిగులుతుంది.

ఇక జిగురు. తెల్ల జిగురు నీళ్లలో మెత్తబడుతుంది, దాని మాటే వద్దు. గోపాల్‌పూర్ తీరంలో ఫైబర్ బోట్లు బాగుచేసేవాళ్ల దగ్గర దొరికే రెజిన్ పాలియెస్టర్. ఫైబర్ మీద ఫైబర్ వేయడానికి అది సరైనదే. చెక్క మీద దాని పట్టు తక్కువ. చెక్క తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుంటూ ఉంటే ఆ పూత రెండు మూడేళ్లలో పెంకులా లేచిపోతుంది, కింద చిక్కిన నీటికి చెక్క కుళ్లుతుంది. 1960ల మొదట్లో ఇంగ్లండులో మిర్రర్ డింగీ అనే చిన్న తెరచాప పడవను ప్లైవుడ్ పలకలు రాగితీగతో కుట్టి, అతుకుల మీద ఫైబర్ పట్టీని పాలియెస్టర్‌తోనే వేసి చేశారు. వేల ఇళ్లలో అలా పడవలు తయారయ్యాయి. తరవాత తరవాత చెక్కకు ఎపాక్సీ బాగా పడుతుందని తేలి, ఇళ్లలో పడవలు చేసుకునేవాళ్లు దానికి మారారు. ఖరీదు ఎక్కువే. అయినా ఇక్కడ పొదుపు చేయకండి.

ఎపాక్సీలో రెజిన్, హార్డెనర్ పాళ్లు డబ్బా మీద రాసినట్టే కలపాలి. ఒక్కో రకానికి ఒక్కో పాళ్లు. మన దేశంలో చాలాచోట్ల దొరికే ఎల్‌వై 556 రెజిన్, హెచ్‌వై 951 హార్డెనర్ జతలో బరువు ప్రకారం 100 గ్రాములకు 10 గ్రాములు. అంటే 150 గ్రాముల రెజిన్‌కు 15 గ్రాములే. ఈ లెక్క కంటి అంచనాతో, మూతల కొలతతో కుదరదు. 5 గ్రాములు అటూ ఇటూ అయితే ఎన్నాళ్లయినా జిగటగానే ఉంటుంది, దాన్ని గోకి తీయడం తప్ప దారి లేదు. గ్రాము దాకా చూపే వంటింటి ఎలక్ట్రానిక్ కాటా తప్పనిసరి. హార్డెనర్ ఎక్కువ వేస్తే తొందరగా గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. సున్నం, సిమెంటు అలవాటుతో వచ్చిన ఆలోచన అది. ఎపాక్సీలో మిగిలిపోయిన హార్డెనర్ జతకోసం వెతుక్కుంటూ అలాగే ఉండిపోతుంది, పూత మెత్తగా మిగులుతుంది. కలపడం కూడా రెండు నిమిషాలకు తగ్గకుండా, గిన్నె గోడలూ అడుగూ గోకుతూ కలపాలి.

వేసవిలో ఒకేసారి అరకిలో కలిపి గిన్నెలో వదిలేస్తే అది తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది, ప్లాస్టిక్ గిన్నె కరుగుతుంది. 150, 200 గ్రాములకు మించి కలపకుండా, కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిస్తే వేడి చెదిరిపోయి పని చేసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. పూత వేసే వేళ కూడా చూసుకోవాలి. పొద్దున పూట చెక్క వేడెక్కుతూ ఉంటుంది. లోపలి గాలి వ్యాకోచించి బయటికి వస్తూ తడి పూతలో బుడగలు లేపుతుంది. ఎండ వాలిన తరవాత, నాలుగింటికి మొదలుపెడితే చెక్క చల్లబడుతూ పూతను తనలోకి పీల్చుకుంటుంది. వానాకాలంలో ఆరిన పూత మీద చేతికి జిడ్డుగా, మైనంలా ఒక పొర తగులుతుంది. హార్డెనర్ గాలిలోని చెమ్మతో కలిసినందువల్ల వచ్చేది అది. నీళ్లు, గిన్నెలు తోమే పీచుతో రుద్ది కడిగితే పోతుంది. కడగకుండా శాండ్ పేపరు పడితే ఆ జిడ్డు పూతలోకి దిగిపోయి పై పూత అంటుకోదు. ఇంకొకటి, చేతులకు గ్లౌజులు తప్పక తొడుక్కోండి. ఎపాక్సీ ఒకసారి ఒంటికి పడనిదైతే తరవాత వాసనకే దద్దుర్లు వస్తాయి. అంటిన చేతిని థిన్నర్‌తో కడగవద్దు, అది మందును చర్మంలోకి ఇంకా లోపలికి పంపుతుంది. సబ్బు నీళ్లు, లేదా వెనిగర్ చాలు.

కొలతలు. ఒక్కో షీటును పొడవునా కోసి 12 అంగుళాల బద్దలు రెండు, 24 అంగుళాల పలక ఒకటి తీయండి. రంపం తినే రెండు మూడు ఎంఎం పలకలోంచి పోతే ఫరవాలేదు. రెండు షీట్లలోని ముక్కలను కొసలు కలిపి అతికిస్తే పక్కలు రెండూ, అడుగు ఒకటీ దాదాపు 16 అడుగుల పొడవుకు వస్తాయి. ఈ అతుకును ఏటవాలుగా చెక్కి వేయాలి. 6 ఎంఎం చెక్కకు ఎనిమిది రెట్లు, అంటే 48 ఎంఎం వాలు. ముక్కలన్నీ ఒకదానిమీద ఒకటి, ఒక్కొక్కటి 48 ఎంఎం వెనక్కి జరిపి మెట్లలా పేర్చి, చివరికి క్లాంపులు బిగించి, మెట్లన్నీ ఒకే వాలు అయ్యేదాకా చిత్రిక పట్టండి. సరిగ్గా వచ్చిందో లేదో చెక్కే చెబుతుంది: వాలు మీద పొరల మధ్య జిగురు గీతలు నల్లగా బయటపడతాయి. అవి దారం లాగినట్టు తిన్నగా, ఒకదానికొకటి సమదూరంలో ఉంటే వాలు చదునుగా ఉన్నట్టు. ఒకచోట గీత వంకర తిరిగితే అక్కడ చిత్రిక లోతుగా దిగినట్టు. అతికేముందు వాలుకు పలుచని ఎపాక్సీ రాసి పది నిమిషాలు తాగనిచ్చి, తరవాత రంపపు పొట్టు కలిపిన చిక్కటి ఎపాక్సీ రాసి బిగించాలి. ముందు తాగించకపోతే చిక్కటి దానిలోని మందునంతా చెక్క పీల్చేసుకుని, అతుకులో పొడి మిగులుతుంది. క్లాంపును మరీ బిగిస్తే ఉన్న జిగురంతా బయటికి కారిపోతుంది. బీరువా పని అలవాటున్న చేతులు ఎక్కువగా చేసే తప్పు ఇదే. ఎపాక్సీ అతుకుకు తాకీ తాకని ఒత్తిడి చాలు.

పక్కబద్దల రెండు కొసలనూ పై అంచు పొడుగ్గా, కింది అంచు 4 అంగుళాలు పొట్టిగా ఉండేట్టు ఏటవాలుగా కోయండి. రెండు బద్దలూ ఒకదానిమీద ఒకటి పెట్టి కలిపి కోస్తే తేడా రాదు. మధ్యలో పెట్టడానికి పాత పలకతో ఒక చట్రం చేయాలి: కింద 23 అంగుళాలు, పైన 29న్నర, ఎత్తు 11న్నర. దాని కింది మూలలు రెండూ అంగుళం మేర కోసేసి, అంచులకు ప్యాకింగ్ టేపు అంటించండి. లేకపోతే తరవాత మూలల్లో నింపే లప్పంతో పాటు చట్రం కూడా దోనెకు అతుక్కుపోతుంది. పక్కబద్దలను ఒక కొసన తీగతో కుట్టి, మధ్యలో చట్రం పెట్టి, రెండో కొసను తాడుతో దగ్గరికి లాగి కుడితే దోనె ఆకారం కళ్లముందే వస్తుంది. బద్దలు తిన్నగా కోసినవే అయినా, బయటికి వాలుతూ వంగడంతో అడుగు గీత దానంతటదే ధనుస్సులా వంపు తిరుగుతుంది. దీనికోసం వేరే నక్షా అక్కర్లేదు.

కుట్టు మనకు కొత్త కాదు. గోపాల్‌పూర్ దగ్గర సముద్రంలో నిలిచిన ఓడలకూ ఒడ్డుకూ మధ్య అలల మీద తిరిగిన మసూలా పడవలను మేకు లేకుండా కొబ్బరితాడుతో పలకలు కుట్టే చేసేవారు. అలల దెబ్బకు మేకుల పడవ పగిలేది, కుట్టిన పడవ కాస్త వంగి తట్టుకునేది. ప్లైవుడ్ దోనెలో కుట్టు జిగురు ఆరేదాకా మాత్రమే. అంచునుంచి 8 ఎంఎం లోపలికి 2 ఎంఎం చిల్లులు పెట్టండి, 5 అంగుళాలకు ఒకటి. కొసల దగ్గర వంపు ఎక్కువ కాబట్టి 2 అంగుళాలకొకటి. ఇళ్ల వైరింగులో మిగిలిన రాగితీగ పైతొడుగు ఒలిచి వాడుకోవచ్చు. కడ్డీలు కట్టే బైండింగ్ తీగతోనూ కుట్టవచ్చు గాని, దాన్ని ఒక్క ముక్క కూడా లోపల మిగల్చకూడదు. చిలికా సరస్సు ఉప్పునీటికి తుప్పు పట్టి చుట్టూ చెక్కను నల్లగా తినేస్తుంది.

ఇప్పుడు తొందరపడకూడని చోటు. దోనెను బోర్లించి, రెండు కొసల మధ్య దారం లాగి చట్రం నడిగీత దాని కిందే ఉందో లేదో చూడండి. కొసల దగ్గరా మధ్యలోనూ అడ్డంగా తిన్నటి కర్రలు పెట్టి, ఒక కొసనుంచి వంగి ఒంటికన్నుతో చూస్తే అన్నీ ఒకే గీతలో కనిపించాలి. తాపీ పనివాళ్ల నీటిగొట్టం ఉంటే ఇంకా మంచిది. ఒక కర్ర పక్కకు వాలినట్టుంటే దోనె మెలి తిరిగినట్టు. ఇప్పుడైతే కింద చెక్కముక్క పెట్టి సరిచేయవచ్చు. జిగురు పడ్డాక ఆ మెలి శాశ్వతం, అలాంటి దోనె ఎన్నాళ్లు తెడ్డు వేసినా ఒకవైపుకే లాగుతుంది. మెలి లేదని తేలాక అడుగు పలకను పైన పరిచి, లోపలినుంచి పెన్సిల్‌తో గీత గీసి, గీతకు 5 ఎంఎం బయటగా కోసి, పక్కలకు కుట్టండి. కోసిన మూలముక్కలు పారేయవద్దు, కొసల గదులకు పనికొస్తాయి.

కుట్టంతా అయ్యాక దోనెను తిప్పి, లోపల తీగకూ తీగకూ మధ్య మాత్రమే చిక్కటి ఎపాక్సీతో చుక్కలు చుక్కలుగా అతికించి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు తీగలన్నీ కత్తిరించి లాగేయాలి. మొండికేసిన తీగకు సోల్డరింగ్ ఐరన్ ఆనిస్తే చుట్టూ జిగురు మెత్తబడి ఊడి వస్తుంది. తరవాత అతుకు పొడవునా లప్పం. జల్లించిన సన్నటి రంపపు పొట్టు, దానితో పాటు ఏరోసిల్ అనే సిలికా పొడి ఎపాక్సీలో కలిపి, గారెల పిండి పాకానికి తేవాలి: గరిటెతో పెట్టిన చోట నిలవాలి, నిలువు గోడమీద జారకూడదు. టేకు పొట్టులో నూనె ఉంటుంది, అది వద్దు. చవకని తెల్ల సిమెంటో సుద్దో కలిపితే బరువు పెరుగుతుంది, తరవాత శాండ్ పేపరుకు లొంగదు. మూలలో లప్పం పెట్టి, 20 ఎంఎం వ్యాసార్ధం వచ్చేట్టు గుండ్రటి చెంచా వెనకవైపుతో ఒకే ఊపున లాగండి. అది ఇంకా పచ్చిగా ఉండగానే 3 అంగుళాల ఫైబర్ గుడ్డ పట్టీ దానిమీద పరిచి, బ్రష్షుతో ఎపాక్సీ తాగించాలి. గుడ్డ తెలుపు పోయి కింద లప్పం రంగు కనిపిస్తే తడిసినట్టు. తెల్లగా మిగిలిన మచ్చ కింద గాలి ఉంది, అక్కడ వేలితో నొక్కి బుడగను అంచుకు నెట్టండి. గుడ్డ చదరపు మీటరుకు 200 గ్రాముల నేత గుడ్డే కావాలి. ఫైబర్ బోట్లకు వాడే దూదిలాంటి మ్యాట్‌లో పోగులను పట్టి ఉంచే బంక పాలియెస్టర్‌కు కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. అది బిర్రబిగుసుకుని మూలలో కూర్చోదు.

బయటివైపు అడుగు అంచును చిత్రికతో గుండ్రం చేయాలి. వాడిగా వదిలితే గుడ్డ మూల దగ్గర వంగక లేచి, కింద బుడగ కడుతుంది. అడుగంతా, పక్కల మీదికి రెండంగుళాలు ఎక్కేట్టు, అదే నేత గుడ్డ ఒక పొర వేయండి. ఇసుక మీద, గులకరాళ్ల మీద ఈడ్చినప్పుడు దెబ్బ కాచుకునేది అదే. అడుగు మధ్యన బయట నిలువునా అంగుళం ఎత్తు బద్ద ఒకటి అతికించండి. చదును అడుగు దోనెకు అది లేకపోతే పక్కగాలికి ఆకులా కొట్టుకుపోతుంది, తెడ్డు కష్టమంతా దిక్కు నిలపడానికే సరిపోతుంది. పై అంచులకు లోపలా బయటా బద్దలు అతికించాక, నడుమ ఒక అడ్డకర్ర బిగించేదాకా చట్రం తీయకండి. తీస్తే పక్కలు లోపలికి ముడుచుకుంటాయి. బద్దలు టేకువైతే అతికే ముందు అసిటోన్ గుడ్డతో రెండుసార్లు తుడవాలి.

ఇక మొదట చెప్పిన అంచులు. ప్రతి అంచుకూ ఎపాక్సీ రాసి, అది పీల్చుకున్నాక మళ్లీ రాసి, మూడో పూతకు ఇక తాగకుండా నిగనిగలాడుతూ నిలిచేదాకా రాయాలి. అందరూ మరిచేది పై అంచు, రెండు బద్దల మధ్య సన్నగా కనిపించే ఆ 6 ఎంఎం గీత. దోనెను బోర్లించినప్పుడు నేల చెమ్మ దానికే తగులుతుంది. రెండోది స్క్రూ చిల్లులు. కొక్కెం కోసమో, కూర్చునే పలక కోసమో ప్లైవుడ్‌లో పెట్టిన ప్రతి చిల్లూ ఒక కొత్త అంచే. 4 ఎంఎం స్క్రూ కావాలంటే ముందు 8 ఎంఎం చిల్లు పెట్టి, లప్పంతో నింపి, ఆరాక దాని మధ్యలో స్క్రూకు సన్నటి చిల్లు పెట్టండి. స్క్రూ ఎపాక్సీలో దిగుతుంది, చెక్కకు నీళ్లు తగలవు. స్టెయిన్‌లెస్‌లో చిలికా వైపు వాడేవాళ్లు 316 రకం అడగండి. లోపలా బయటా మొత్తం మూడు పూతలు వేశాక పైన రంగు తప్పనిసరి. ఎండ తగిలితే ఎపాక్సీ పసుపెక్కి పొడి రాలుతుంది. రంగు తెలుపో, లేత రంగో ఉండాలి. మన మే నెల ఎండకు నల్లటి, ముదురు నీలం అడుగు కాలేంత వేడెక్కి, లోపలి ఎపాక్సీ మెత్తబడే అవకాశం ఉంది.

రెండు కొసల్లో రెండేసి అడుగులు మూసి గాలిగదులు చేయండి. ఒక్కో గదిలో దాదాపు 25 లీటర్ల గాలి పడుతుంది. రెండూ కలిపి దోనె నీళ్లతో నిండినా మునగకుండా, ఇద్దరు పట్టుకుని తేలడానికి సరిపోతాయి. గది గోడలో 3 ఎంఎం చిల్లు ఒకటి ఉంచండి, ఎండకు లోపలి గాలి ఉబ్బి అతుకు పగలకుండా. అడుగున రబ్బరు బిరడా పెట్టి, ఒడ్డుకు రాగానే తీసి ఆరనివ్వాలి. గది కట్టడం రాదనుకుంటే మూతలు గట్టిగా బిగించిన రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు 20 తీసుకుని, వలముక్కలో చుట్టి కొసలకు సగం సగం కట్టేయండి. 40 లీటర్లు వస్తుంది, ఒక సీసా పగిలినా మిగతావి ఉంటాయి. థర్మాకోల్ కూడా మంచిదే గాని పాలియెస్టర్, పెట్రోలు తగిలితే కరిగిపోతుంది.

ఇంత చేసినా ఇది చిన్న దోనె. తన బరువు 30 కిలోల పైన. ఇద్దరు పెద్దవాళ్లు ఎక్కితే దాదాపు నాలుగంగుళాలు నీళ్లలో దిగుతుంది. ఆపైన ప్రతి 45 కిలోలకు మరో అంగుళం దిగుతుంది. ముగ్గురు ఎక్కి, సామాను వేసి, కాస్త అల లేస్తే అంచు మీదుగా నీళ్లు వస్తాయి. కూర్చునే పలక అడుగుకు నాలుగంగుళాల ఎత్తుకు మించవద్దు. కుర్చీ ఎత్తున కూర్చుంటే పక్కకు ఒరిగి బోల్తా కొడుతుంది. నిలబడి గడ వేయడం చిలికాలోని వెడల్పాటి పడవల్లో అలవాటున్నవాళ్లకు చెల్లింది, దీనిలో వద్దు. మొదటి వారం తంపరా లాంటి మంచినీటి చెరువులో, ఒడ్డు పక్కనే, నడుము లోతు నీళ్లలో కావాలనే దాన్ని ముంచి చూడండి. నిండా నీళ్లతో ఎలా తేలుతుందో, మళ్లీ ఎలా ఎక్కాలో అప్పుడే తెలియాలి. రంభ వైపు చిలికాలోకి పొద్దున్నే వెళ్లి, వేసవిలో దక్షిణపు గాలి లేవకముందే తిరిగి రావాలి. గోపాల్‌పూర్ సముద్రంలో దీన్ని దించకూడదు. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ ఒంటిమీదే ఉండాలి, దోనెలో మడిచి పెట్టిన జాకెట్ పనికిరాదు.

పని ముగిశాక నీళ్లలో కట్టి వదలవద్దు. మంచినీళ్లతో కడిగి, నీడన, నేలకు అడుగు ఎత్తులో రెండు అడ్డకర్రల మీద బోర్లించి పెట్టండి. నేలమీద బోర్లిస్తే చెద ముందు పై అంచు బద్దల్ని పట్టుకుంటుంది, టార్పాలిన్ నేరుగా చుడితే లోపలి చెమ్మ పోదు. తుపాను హెచ్చరిక వస్తే ఇంట్లోకి తీసుకోండి, చోటు లేకపోతే చెట్టుకో స్తంభానికో రెండు కొసలూ, నడుమూ తాళ్లతో బిగించండి. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పటి గాలికి 30 కిలోల దోనె ఒక లెక్కలోది కాదు. ఏటా వానలు తగ్గాక గోరుతో అంచులన్నీ ఒకసారి తడిమి చూడండి. ఎక్కడ రంగు ఉబ్బి వేలికి మెత్తగా తగిలితే అక్కడ వెంటనే గోకి, వారంపాటు ఎండనిచ్చి, ఎపాక్సీ తాగించి, రంగు వేయండి. పూత వేసే రోజున కూడా ఎండ వాలాకే మొదలుపెట్టండి.

ఇట్లు,
పడవ పని చేసే ఇద్దరు పాఠకులు,
గంజాం జిల్లా, ఒడిశా.